కొత్త లైనింగులకు కందెన

నూజివీడు,
మంగళవారం రాత్రి

బావగారికి నమస్కారాలు.

మా చెల్లాయి అనసూయ కులాసాగానే ఉంది. నొప్పులింకా రాలేదు. వస్తే బెజవాడ ఆసుపత్రికి తీసుకురావలసిన కారే, బావగారూ, ఆగడం లేదు.

మీరు కొట్లన్నీ తిరిగి ఏరి పంపిన బ్రేకు లైనింగులను మేస్త్రీ నిన్న బిగించాడు. తొక్కినప్పుడల్లా కీచుమన్నాయి. ఇవాళ మళ్లీ డ్రమ్ములు విప్పి చూసి, కొత్తవి గదా, అరిగితే సర్దుకుంటాయని చెప్పి భోజనానికి వెళ్లాడు. నాన్నగారికి మనసాగలేదు. "ఆ చప్పుడికి అమ్మాయి ఉలిక్కిపడదంట్రా?" అంటూ, ఎడ్లబండి ఇరుసుకు పెట్టినట్టే లైనింగులకు కందెన పూసేశారు. మేస్త్రీ గమనించకుండా బిగించేశాడు. సాయంత్రం రెడ్డిగూడెం రోడ్డున ఎంత తొక్కినా ఆగక కారు మామిడితోట కంచెలోకి దూసుకుపోయింది. నాకు దెబ్బలేం లేవు. అనసూయకు తెలియనివ్వలేదు.

కందెన ఇంకిపోయింది, పెట్రోలుతో కడిగినా పనికిరావంటున్నాడు మేస్త్రీ. దయచేసి అదే రకం సెట్టు ఈ ఉత్తరం తెచ్చిన కండక్టరు చేతికే ఇచ్చి పంపండి.

జీవితమంతా కాయల బళ్లు తోలిన నాన్నగారితో తప్పు ఆయనదేనని చెప్పలేక, లైనింగులే నాసిరకమన్నాను. ఆ నింద మీ మీదికొచ్చింది, మన్నించాలి. దానికాయన, "అయితే ఈసారి కందెన ఇంకాస్త దట్టంగా పట్టించాలి" అన్నారు. వెంటనే కందెన గొట్టం గాదె వెనక దాచాను.

ఇంతవరకు రాసి, అనుమానమొచ్చి వెళ్లి చూశాను. గొట్టం అక్కడ లేదు.

బావగారూ, రెండు సెట్లు పంపండి.

మీ బావమరిది