అడిగిన సార్

జులై 6

నిజామాబాద్ పోయి వచ్చాను. ఒక్కణ్ణే. కొడుకు రమేశ్ రానన్నాడు. చక్రాల కుర్చీతో సహా నన్ను బస్సెక్కించాలంటే ఎందరిని బతిమాలాలె, రక్తం రిపోర్టు చూపెట్టనీకి నేనెందుకు బాపు, నువ్వే పోయిరా అన్నాడు. వాడన్నదీ నిజమే.

డాక్టరు రిపోర్టు చూసి నెమ్మదిగా చెప్పాడు. చెట్టు మీది నుంచి పడి వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ళలో చాలామందికి ఇట్లాగే అవుతుందట. ఒంట్లో మగ హార్మోన్ పడిపోతుందట. అందుకే ఆ నీరసం, పగలంతా నిద్ర, చేతుల కండ కరిగిపోవడం, గడ్డం పలచబడడం. ఇన్నాళ్ళూ నేను దిగులనుకున్నాను. మూడు వారాలకొక సూది రాశాడు.

రాసి, కలం ఆపి ఇంకో మాట అన్నాడు. ఈ సూదితో ఒంటికి బలం వస్తుంది గానీ అది పడుతున్నన్నాళ్ళు సంతానానికి కావలసింది తయారు కాదట. నడుం కింద చచ్చుబడ్డా పిల్లల్ని కనే దారులున్నాయట. కావాలనుకుంటే ఈ సూది వద్దు, వేరే మందుంది.

"అబ్బాయినీ కోడలినీ అడిగారా? పిల్లలు వద్దనుకున్నారా?"

తలుపు తెరిచే ఉంది. బయట బెంచీ మీద ఆడవాళ్ళు కూర్చున్నారు. నేను నేల చూశాను.

"అడిగిన సార్. వద్దన్నరు" అన్నాను.

అడగలేదు.

జులై 7

ఎట్లా అడుగుతాను... నడుం కింద చీమ కుట్టినా తెలియని కొడుకును. కోడలు లావణ్య — పేరు ఇక్కడైతే రాయగలను, నోటితో ఎన్నడూ పిలవలేదు. నేను వాకిట్లోకి వస్తే లేచి నిలబడుతుంది. ఏం చెప్పాలన్నా మొగునితో అంటుంది, మీ బాపుకు చెప్పు అని. నేను రెండడుగుల దూరంలోనే ఉంటాను. వింటాను. నా జవాబు గోడకు చెప్తాను. మా ఇంట్లో మామకూ కోడలికీ మాట అంటే అంతే.

రమేశ్ వాళ్ళమ్మ బతికి ఉంటే ఆమె అడిగేది.

అడిగితే వాణ్ణి ఎగతాళి చేసినట్టవుతుందని అనుకున్నాను. మంచికే అనుకున్నాను.

బస్సులో కూర్చున్నాక అనుకున్నాను అది. డాక్టరు ముందు అనుకున్నది సిగ్గు ఒక్కటే.

జులై 12

మొదటి సూది. మా వీధి ఆర్ఎంపీ సాయిలు ఇంటికే వచ్చి వేశాడు. లోపలి నుంచి లావణ్య — ఏం సూదో మీ బాపును అడుగు.

"బలం సూది" అన్నాను, గోడకు.

ఆగస్టు 2

రెండో సూది. వాన. మార్పేమీ లేదు. అదే మూత్రం పైపు, అదే సంచి, అదే పక్క మార్చడం. గోడకు వాడి మోకు వేలాడుతూనే ఉంది. కల్లు గీయను తాటిచెట్టెక్కేటప్పుడు నడుముకు వేసుకునే తాడు. తియ్యమని వాడనడు. నేను తియ్యను. నా జన్మంతా ఎక్కాను, ఒక్కసారి జారలేదు. జారింది వాడు.

ఆగస్టు 19

రమేశ్ ఇవాళ పగలు పడుకోలేదు.

సెప్టెంబర్ 1

నా మీద అరిచాడు. చల్లారిన ఛాయ్ ఇచ్చానని. "ఏం మనిషివి బాపు, ఒక్క పని సక్కగ జెయ్యవు" అని గిలాస పక్కకు నెట్టాడు.

పడ్డప్పటి నుంచి వాడికి కోపమే రాలేదు. ఏది పెడితే అది తిన్నాడు, ఏమంటే దానికి ఊఁ అన్నాడు. నేను అరుగు మీదికి పోయి నవ్వుకున్నాను. తలెత్తితే కోడలు చూస్తోంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె కూడా నవ్వుతోంది.

చాలా రోజులకు అన్నం రుచిగా ఉంది. చేయి కడుక్కునేటప్పుడు మళ్ళీ ఆ డాక్టరు మాట.

సెప్టెంబర్ 13

సాయిలు సూది గుచ్చుతూ — "ఏందే రమేశన్నా, మీసం గిట్ల దిరుగుతుంది? మళ్ళ పెండ్లి జెయ్యాల్నా ఏంది?"

"ఉన్న పెండ్లామే బీడీలు జుట్టి నన్ను సాదుతుంది. ఇంకొకామెను నువ్వు సాదుతవా?"

లోపల ఆకు కత్తిరించే చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది. సాయిలు పడీ పడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మందు మొత్తం లోపలికి పోయేదాకా సూదినే చూశాను.

సెప్టెంబర్ 22

గడ్డం తనే గీసుకున్నాడు. రేజరు నా చేతిలోంచి గుంజుకుని. ఇన్నాళ్ళూ నేనే గీసేది.

కుర్చీ తోసుకుంటూ ఎవరి సాయం లేకుండా చౌరస్తా దాకా పోయి వచ్చాడు. ఫోన్లు బాగుచేసే దుకాణంలో కూర్చుని పని నేర్చుకుంటాడట. చేతుల్లో కండ కనబడుతోంది.

సెప్టెంబర్ 28

పక్కింటి వాళ్ళ పసిపిల్లను ఒళ్ళో పెట్టుకుని వాకిలంతా కుర్చీ తిప్పాడు. పిల్ల కేరింతలు. లావణ్య గడపలో నిలబడి చూస్తోంది. పిల్లను చూడటం లేదు. వాణ్ణి చూస్తోంది.

నాకేదో పని ఉన్నట్టు బజారుకు పోయాను. ఏమీ కొనకుండా వచ్చాను.

అక్టోబర్ 4

సూది. వద్దందామనుకున్నాను... సాయిలు వచ్చాడు, వేశాడు, పోయాడు.

అక్టోబర్ 6

బతుకమ్మ కోసం కాలువ గట్టు నుంచి తంగేడు పువ్వు తెచ్చాను. లావణ్య తాంబాలంలో పేరుస్తోంది. రమేశ్ కుర్చీలో కూర్చుని గునుగు పూల కాడలు కోసి ఇస్తున్నాడు. నేను గుమ్మంలో ఉన్నాను. ఆమె తలెత్తకుండా, వాడితోనే —

"మీ బాపుకు చెప్పు. దీపావళి అయినంక హైదరాబాద్ దవాఖానకు పోదమని. నడుము పడిపోయినోళ్ళకు గుడ పిల్లలైతున్నరట. సూదితోని తీస్తరట. ఫోన్ల జూసిన. ఇప్పుడైతే నీ పానం మంచిగైంది గద."

రమేశ్ చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పుడు బడిలో లెక్క తప్పినప్పుడు అట్లా అయ్యేవి.

"బలం సూది పుణ్యమే బాపు" అన్నాడు.

తంగేడు కట్ట ఇంకా నా చేతిలోనే ఉంది. ఎక్కడ పెట్టానో గుర్తులేదు.

అక్టోబర్ 7

వాడికి ఆ ఆలోచనే ఉండదనుకున్నాను. వాడి బదులు నేనే వద్దనుకున్నాను, నేనే వద్దన్నాను.

అక్టోబర్ 9

గుడికని చెప్పి నిజామాబాద్ పోయాను. డాక్టరుకు నేను గుర్తులేను. పాత కాగితం చూసి, పిల్లలు వద్దన్నారు కదా అన్నాడు.

"ఇప్పుడు మనసు మార్చుకున్నరు సార్."

నేను చేసింది తీసుకుపోయి వాళ్ళ మీద పెట్టాను. నోరు ఎట్లా వచ్చిందో.

సూది ఆపితే చాలామందికి సంతానానికి కావలసింది నెలల మీద తిరిగి వస్తుందట. కొందరికి రాదట. వెన్నుదెబ్బ తగిలినవాళ్ళకు ముందే తక్కువ ఉండొచ్చు, మాట ఇవ్వలేను అన్నాడు. ఊరికే ఆపితే నీరసం మళ్ళీ వస్తుంది, మందు మార్చాలంటే పరీక్షలు చెయ్యాలి. ఇద్దరినీ తీసుకురండి, మీ అంతట మీరు ఏమీ చెయ్యకండి అని గట్టిగా చెప్పాడు.

సరే సార్ అన్నాను. సార్ అనడం ఒక్కటే బాగా వస్తుంది నాకు.

అక్టోబర్ 25

సూది రోజు. సాయిలును వీధి మూల మీదనే ఆపాను. మందు దొరకలేదు, ఇవాళ రాకు అన్నాను. ఇంటికొచ్చి రమేశ్‌కూ అదే చెప్పాను.

"వచ్చే వారం దొరుకుతదా?"

"దొరుకుతది."

సీసా నా పెట్టెలో ఉంది, ధోతి మడతలో.

నవంబర్ 3

దీపావళి అయిపోయింది. హైదరాబాద్ ఎప్పుడు పోదామో మీ బాపును అడుగు అంది లావణ్య. కాళ్ళు గుంజుతున్నాయి, జర ఆగుదాం అన్నాను.

కాళ్ళ మాట ఎవరి ముందు అన్నానో తర్వాత తెలిసింది.

నవంబర్ 11

మధ్యాహ్నం పడుకున్నాడు. ఫోన్ల దుకాణానికి పోలేదు. రోడ్డు మీద వడ్లు ఆరబోసిండ్రు, కుర్చీ పోదు అన్నాడు. ఒక పక్క పోయేంత జాగా ఉంది. నేను చూసే వచ్చాను.

ఛాయ్ చల్లారింది. ఏమీ అనకుండా తాగాడు.

నవంబర్ 15

మళ్ళీ అదే ఊఁ.

లావణ్య వాడితో — మీ బాపుకు చెప్పు, ఆ మందు బోధన్‌ల దొరుకుతదేమో చూడమను. నేనే పోయొస్త అను.

పెట్టె వైపు చూడకుండా ఉండటానికి నా మెడ నొప్పి పుట్టింది.

నవంబర్ 17

"నువ్వే గియ్యి బాపు, నాకు శాతగాదు" అని గడ్డం ముందుకు పెట్టాడు.

సబ్బు రాశాను. ఒక చెంప గీశాను. రేజరు నీళ్ళ గిన్నెలో వేసి చెప్పేశాను. డాక్టరు అడగమన్నది. నేను అడిగిన అన్నది. ఆ సూది ఏం ఆపుతుందో. మందు దొరకలేదన్నదీ అబద్ధమేనని, సీసా పెట్టెలో ఉందని. వాడి పాదాలు చూస్తూ చెప్పాను.

చెంప మీద సబ్బు ఎండిపోయింది.

"ఇగ నేను దేనికీ పనికిరాననుకున్నవా బాపు?"

కాదు బిడ్డా అనాలి. రాలేదు. ఇంకో అబద్ధం అవుతుందేమోనని.

"లావణ్యకు ఎరుకేనా?"

"లేదు. నువ్వే జెప్పు."

"నేను జెప్ప. నేను జెప్తే నేనే వద్దన్ననని అనుకుంటది. నువ్వు జెప్పు. గోడకు గాదు. ఆమెకు."

రేజరు తీసుకుని మిగిలిన చెంప తనే గీసుకున్నాడు. గదవ దగ్గర తెగింది. తుడవబోతే నా చేయి పక్కకు తీశాడు.

నవంబర్ 18

పొద్దున్నుంచి వాకిట్లోకి పోవడం, తిరిగి రావడం. చివరికి పోయాను. లావణ్య గడప దగ్గర బీడీలు చుడుతోంది. నన్ను చూసి ఎప్పటిలాగే లేచింది. ఒళ్ళోని ఆకు కింద పడింది. లోపల కుర్చీ చప్పుడు లేదు. రమేశ్ వింటున్నాడు.

"కూసో బిడ్డా" అన్నాను.

కూర్చోలేదు. గోడ పట్టుకుని నిలబడింది. నేనే కింద కూర్చున్నాను, గచ్చు మీద, బీడీల చాటకు ఇవతల. అప్పుడు మెల్లగా కూర్చుంది.

"లావణ్యా... డాక్టరు నిన్నొక మాట అడగమన్నడు. మీకు పిల్లలు గావాల్నా అని."

ముఖంలోకి చూసింది. లోపలికి, మొగుని వైపు, తిరగలేదు. నాతోనే అంది.

"ఎప్పుడు అడగమన్నడు మామా?"