మొరో గారికి ఒక కోర్టు

శంకర్ నగర్, రాయ్‌పూర్
2 జులై 2007

తెలుగు సంఘం కార్యదర్శి మోహనకృష్ణ గారికి,
రిటైర్డు రైల్వే గార్డు గురునాథం నమస్కరించి రాయునది.

నోటితో చెప్పబోతే "లిఖిత్ మే దీజియే" అన్నారు కదా, రాసే ఇస్తున్నాను. మన టెన్నిస్ కోర్టును పెళ్లివారి బండ్ల స్టాండు చేస్తారట. ఏటా దసరా టోర్నమెంటులో మీ చేతిలో ఓడుతున్నాను. ఒక్కసారి మిమ్మల్ని ఓడించి గానీ నేను రాకెట్టు దించను.

కోర్టుకు తొలితరం ఫ్రెంచి ఆటగాడు ఎతియెన్ మొరో గారి పేరు పెట్టండి. పెద్దల పేరున్న చోట బండ్లు పెట్టరు. ఆయన బంతులు ఏరుతూ ఆట నేర్చి, ఛాంపియన్లకే పాఠం చెప్పాడు. జీతం తీసుకుని నేర్పాడని ఆయన్ను పెద్ద పోటీల్లో ఆడనివ్వలేదు.

విధేయుడు,
గురునాథం

తా.క. ఓడిపోకముందే మీరు కోర్టు మూసేస్తున్నారని జనం అంటున్నారు. నేననలేదు.

10 జులై

గురునాథం గారికి నమస్తే.
మొరో గారు స్వయంగా వచ్చి సమ్మతి పత్రం మీద సంతకం చేయాలని కమిటీ తీర్మానించింది. గెస్ట్ హౌసులో గది ఉంచాం.

మీ
మోహనకృష్ణ

తా.క. మాంసం వండరు. బెండకాయ తింటారేమో కనుక్కోండి.

14 జులై

కార్యదర్శి గారికి,
మొరో గారు రాలేరు. కాలం చేశారు. ఆయనకు జరిగిన అన్యాయం తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు మండుతుంది. ఫోటో పంపుతున్నాను.

గురునాథం

తా.క. మీసాలాయన మొరో. పక్కన కుక్క ఎవరిదో తెలియదు.

25 జులై

గురునాథం గారికి,
మీ ఆప్తుడి మరణవార్తకు కమిటీ చింతిస్తోంది. కోర్టులోనే సంతాపసభ జరిపాం. ఫోటోకు దండ వేసి దీపం పెట్టాం. మా అత్తగారు పార్వతమ్మ చూసి, "అల్లుడు గారూ, ఆ కుక్క వాహనమండీ. ఈయన మామూలు మనిషి కాదు" అని, మా అబ్బాయి ఉమేష్ పరీక్ష కోసం మొక్కుకున్నారు.

మీ శోకంలో పాలుపంచుకునే
మోహనకృష్ణ

తా.క. పదో రోజు ఎప్పుడో చెబితే భోజనాలు పెట్టిస్తాం.

20 ఆగస్టు

కార్యదర్శి గారికి,
ఆ పదో రోజు నేను పుట్టకముందే అయిపోయింది. ఆయన దేవుడు కాదండీ, కోచ్. దీపాలు తీయించండి. దసరా దగ్గర పడుతోంది, నా సర్వీసులన్నీ దీపాల్లో పడుతున్నాయి.

గురునాథం

తా.క. నిన్న బంతి తగిలి దీపం ఆరితే ఒకావిడ నాకు దణ్ణం పెట్టి వెళ్లింది.

3 సెప్టెంబరు

భక్తులు గురునాథం గారికి,
మా ఉమేష్ పాసయ్యాడు. ఇక మా అత్తగారికి ఎవరు చెప్పగలరు? తిల్దా ఊరి రైసుమిల్లు ఆసామి స్వామికి రేకుల షెడ్డు వేయిస్తున్నారు. బండ్ల స్టాండు రద్దు.

స్వామికి ఇష్టమైన ఆట ఆగకూడదని, రోజూ పొద్దున సేవగా ఆడేందుకు మిమ్మల్ని జీతం మీద నియమించాం. చెప్పులు బయట విడవాలి. నెట్టుకు అవతలిది స్వామివారి వైపు, అక్కడ మనుషులు నిలబడరాదు. మొదటి జీతం మీ ఆవిడ సంతకం చేసి తీసుకున్నారు.

సదా మీ సేవలో,
మోహనకృష్ణ

తా.క. దసరా టోర్నమెంటు రైల్వే వాళ్ల కోర్టులో. జీతం పుచ్చుకుని ఆడేవారిని పోటీల్లోకి రానివ్వరని మీ అర్జీ చూశాకే తెలిసింది. మీ పేరు కొట్టేశాం. మొరో గారికి జరిగింది అన్యాయమేనండీ, నేనూ ఒప్పుకుంటాను.