టేకుబల్ల మీద గిన్నె మచ్చ

గద్వాల

బామ్మర్ది హన్మంతుకు, బావ వెంకటన్న దండం పెట్టి రాసేది ఏందంటే,

కొంప మునిగింది. మీ అక్క రజిత, బిడ్డ సుప్రియను చూసొస్తనని బల్మూర్ పోయింది. పోతూ పోతూ నా ఫోను పట్టుకపోయింది. అందుకే ఈ కాయితం వనపర్తి బస్సు కండక్టర్ చేతిల పెడుతున్న.

పొయ్యి మీంచి దించిన పప్పుగిన్నె టేకుబల్ల మీద పెట్టిన. అదే, మీ నాయిన చేయించిన బల్ల. గిన్నె తీసి చూస్తే పాలిష్ మీద తెల్లగ గుండ్రటి మచ్చ! తుడిస్తే పోతలేదు. దాని మీద నీళ్ల గ్లాసు పెట్టినందుకే మీ అక్క నన్ను అరుగు మీద పండబెట్టింది. ఆదివారం వస్తది. నువ్వు వడ్రంగి దుకాణంల కూసునేటోనివి కదా, మందు చెప్పు.

పరేషాన్‌ల ఉన్న
వెంకటన్న

తా.క. పప్పు మంచిగనే కుదిరింది. తినబుద్ధి అయితలేదు.

*

ఖిల్లా ఘణపూర్

వంటల వీరుడు బావకు హన్మంతు సలాం.

ఆ బల్ల నాయిన నాకిస్తనన్నడు. అక్క ఎత్తుకపోయింది. పోనీ, పాత సంగతులు నేను మనసుల పెట్టుకోను. మందు రాసుకో: బెల్లం పాకం పట్టి, అండ్ల ఆముదం కలిపి, మచ్చ మీద మందంగ పూయి. మీద తడి గోనెసంచి కప్పు. తెల్లారేదాంక తియ్యకు.

నీ మేలు కోరే
హన్మంతు

తా.క. మా గృహప్రవేశం దగ్గర పడ్డది. అక్క ఏం పెడతదో జర కనుక్కో. స్టీలు బిందె అయితే వద్దను.

*

గద్వాల

బామ్మర్దీ,

మచ్చ కనబడతలేదు. చీమలు కప్పేసినయి. సంచి గుంజితే పాలిష్ దానితోనే లేచొచ్చింది. బల్ల గజ్జి పట్టిన ఎద్దు తీరుగున్నది. చీపురు పట్టుకొని కావలి ఉన్న. జల్ది రాయి.

నీ బావ

తా.క. ‘ఏం మిఠాయి చేస్తున్నవ్ భాయ్?’ అని పక్కింటి కుల్సుమ్‌బీ గిన్నె పట్టుకొచ్చింది.

*

ఖిల్లా ఘణపూర్

బావా, ఇది మంచి గుర్తు!

చీమలు పాత మెరుపు తింటేనే కొత్త మెరుపు వచ్చేది. ఇప్పుడు ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండు, బూడిద, ఇటుకపొడి పెట్టి బల్లంత తోము. నీళ్లు గుమ్మరించి ఎండల పెట్టు. తళతళ మెరవకుంటే నా మీసం తీసేస్త.

నీ వైద్యుడు
హన్మంతు

తా.క. అక్క తిట్టే తిట్లు ఒక్కటి మర్చిపోకుండ రాయి. ఇంట్ల అందరికి చదివి వినిపిస్త.

*

గద్వాల

వైద్యులవారికి,

తోమిన. ఎండల పెట్టిన. బల్ల నడిమిట్ల పగిలింది, కాళ్లు ఊగుతున్నయి. అప్పుడే మీ అక్క దిగింది. నేను గిన్నె మచ్చ సంగతి చెప్పి కండ్లు మూసుకున్న.

తిట్టలే. బల్ల చుట్టు ఒకపారి తిరిగి, ‘గింత మచ్చకు గుడ్డ పరిచి గోరువెచ్చని ఇస్త్రీపెట్టె ఆడిస్తే పోతుండె కదా! గీ వైద్యం ఎవలు చెప్పిండ్రు?’ అన్నది. నీ పేరు చెప్పిన.

కొంగు నోట్ల కుక్కుకొని నవ్వుడే నవ్వుడు. నవ్వి నవ్వి కూలబడ్డది. ‘వాడు ఇల్లు కట్టినంక ఇయ్యమన్నడు నాయిన. అందుకే ఇన్నేండ్లు దాని మీద నీళ్ల గ్లాసు గూడ పెట్టనియ్యలే. వాని బల్లను వాడే చంపుకున్నడు!’ అన్నది.

రేపు బల్ల ట్రాలీ ఆటోల మీ ఇంటికొస్తది. స్టీలు బిందె వద్దన్నవని చెప్పిన, ఖుషీ అయింది.

ఇయాల ఇంట్లనే పండిన
నీ బావ వెంకటన్న

తా.క. చీమలు బల్ల సందులల్లనే ఉన్నయి. గృహప్రవేశానికి మా తరఫున అవే ముందుగాల వస్తయి.

ఇంకో తా.క. బల్ల సొరుగు తెరిచి చూడు. నీ మీసానికి మీ అక్క కొత్త బ్లేడు పెట్టింది.