ముందు గుర్రం తినాలి

హుఫూఫ్, మార్చి 2004

అమ్మకు కెజియా వందనాలు. తిండి మానేసి చిక్కిపోతున్నానని బెంగ పెట్టుకోకు, యూనిఫాం బిగుతైపోయింది.

దానికి కారణం మా వార్డులో చేరిన ముసలి జనరల్ గారు. కుర్రతనంలో గుర్రపు దళంలో ఆఫీసరట, యుద్ధంలో జనరలట, ఆ తర్వాత పోలీసులందరికీ పెద్దట. ఇప్పుడు షుగరు పేషెంటు. మొన్న నా చేత ఇన్సులిన్ చేయించుకుని, అన్నం మాత్రం ముట్టలేదు. "ముందు గుర్రం తినాలి, తర్వాతే ఆఫీసరు. మా దళంలో అదే చట్టం" అని మీసం దువ్వారు. ఇన్సులిన్ పడ్డాక తినకపోతే షుగరు పడిపోతుంది. "గుర్రం ఎక్కడుందండీ?" అన్నాను వచ్చీరాని అరబ్బీలో. రోజూ ఆయన చక్రాల కుర్చీ తోసే నన్నే చూపించారు! చేసేదిలేక ఎదురుగా నిలబడి రొట్టె, ఖర్జూరాలు తిన్నాను. అప్పుడుగానీ ఆయన చెంచా పట్టలేదు. అప్పట్నుంచి పూటపూటా ఇదే తంతు. నిన్న సగం రొట్టె వదిలేస్తే పోలీసు గొంతుతో గద్దించారు.

ఎరిక్ మామయ్య ఇక్కడికి వచ్చేటప్పుడు ఆయనతో గోంగూర పచ్చడి పంపు, ఖర్జూరాలతో మొహం మొత్తింది. చెల్లి పరీక్షలు ఎలా రాసింది? మేక ఈనిందా?

కవరు మాని కార్డు ఎందుకు రాశానంటే, పోస్టుమాన్ దీన్ని అరుగు మీదే గట్టిగా చదువుతాడు, నాన్నగారు వింటారు. అమ్మా, అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తినే మన ఇంటి గుర్రానివి నువ్వే కదా! నాన్నగారూ, జనరల్ గారి ఆర్డరు: ఇకమీదట అమ్మ తిన్నాకే మీ కంచం.

ప్రభువు మిమ్మల్నందరినీ చల్లగా చూడాలి.

మీ గుర్రంపిల్ల,
కెజియా