రాజన్నకు ఒక్కతీర్గ కనవడ్డ తారీఖులు

మంగళవారం

సేటు మీద కోపం ఇంకా దిగలే. రైతుల పసుపు అమ్మిపెట్టే మా అడ్తి దుకాణం వెబ్‌సైట్‌ల పసుపు తెచ్చే తారీఖులు ఆకుపచ్చగ, తేవొద్దన్న తారీఖులు ఎర్రగ పెట్టుమని నాకు చెప్పిండు. రంగుతోని పాటు మాట గూడ రాద్దామంటే, "సిగ్నల్ లైటు మీద ఎవడన్న రాస్తడా? షోకులు బంజెయ్" అన్నడు.

ఇయ్యాల తేవొద్దన్న రోజు. రైతు రాజన్న భీమ్‌గల్ నుంచి ట్రాక్టర్ నిండ పసుపు తెచ్చిండు. షెడ్డుల జాగ లేదు, మొగులైంది. ఫోన్ నా ముంగట పెట్టి, "గివన్నీ ఒక్కతీర్గనే ఉన్నయ్ గద బిడ్డా?" అన్నడు. చిన్నప్పటి సంది ఆయన కంటికి ఎరుపు, ఆకుపచ్చ ఒక్కటేనంట. సేటు నవ్వి, "అద్దాలు పెట్టుకో రాజన్నా" అన్నడు. అద్దాలతోని పోయేదా గది!

ఉడకబెట్టి, దినాల కొద్ది ఎండబెట్టిన కొమ్ములు. టార్పాలిన్ కప్పేలోపే వాన దంచింది. సగం బస్తాలు తడిసినయ్. రాజన్న తడిసిన బస్తాలు ఏరి పక్కకు పెట్టిండు.

ఇంటికొచ్చి, సేటును అడుగకుండనే మార్చేసిన. తెల్లదాని మీద నల్లటి పెద్దక్షరాలు: "తేవచ్చు", "తేవొద్దు". పది నిమిషాలు గూడ పట్టలే. రేపు నౌకరి ఉంటదో ఊడుతదో, ఆ ఫికర్ లేదు.

అడుగకుండ మార్చుడు గింత అల్కనైతే, మొదటి దినమే ఎందుకు మార్చకపోతి…