సదరు నామం వాడుకపై అభ్యంతరం

పాత సినిమా హాలు ఎదుట బట్టలు కుట్టు దుకాణం నడుపుకొను శ్రీమతి గారికి,

వినోద సంస్థ నామ సంరక్షణ విభాగాధిపతి నమస్కరించి తెలియజేయునది.

మీ ఎదుటనున్న హాలే మా సంస్థకు జన్మస్థానం. వ్యవస్థాపకుల నుంచి దానిని ఒక పంపిణీ సంస్థ కొన్నది. పంపిణీ సంస్థను శీతల పానీయాల కంపెనీ, దానిని బీమా కంపెనీ, ఆ బీమా కంపెనీ విసిగిన పిమ్మట హాలును మేము కొన్నాము. యజమానులు మారిరి గాని హాలు పేరు మారలేదు. నేడు మా నూట నలభై హాళ్లకూ అదే పేరు. మీ దుకాణం బోర్డు మీదనూ అదే పేరు ఉన్నందున మా దృష్టి మీపై పడినది. తగు చర్యకై మా ప్రతినిధి వచ్చును.

ఇట్లు,
విభాగాధిపతి

తా.క.: సదరు నామం చట్టరీత్యా రక్షితం. దానిని ఉత్తరాల్లో రాయడానికి మా విభాగానికే ఇంకా అనుమతి రాలేదు.

———

విభాగాధిపతి గారికి, కుట్టుపనావిడ నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి కళ్లు చెమర్చాయి. ఆ హాలు కట్టింది మా వారే. ఆయన పోయాక ఆయన్ని తలుచుకున్న కంపెనీ మీదొక్కటే. నగ అడిగినప్పుడల్లా "హాలుకే నీ పేరు పెట్టానే, ఇంకేం కావాలి?" అనేవారు. కాపురంలో నాకు దక్కిన కానుక అదొక్కటే. అందుకే హాలు అమ్మేశాక ఆ బోర్డు కనిపించే కిటికీ చూసుకుని మిషను వేసుకున్నాను. సన్మానం ఎప్పుడో రాయండి, మా తోడికోడల్ని కూడా తెస్తాను. చూసి కుళ్లుకోవడానికి మనిషి ఉండాలి కదా.

ఉంటాను,
ఆ పేరు గల మనిషి

తా.క.: మీ ప్రతినిధి వచ్చి నా బోర్డు కొలతలు తీసుకున్నాడు. పెద్దది చేయిస్తారు కాబోలని కాఫీ ఇచ్చాను.

———

శ్రీమతి గారికి,

మీ ఉత్తరాన్ని విభాగం సంతోషంతో చదివి, విచారంతో తిరస్కరించినది. సన్మానమన్న మాట మేము ఎక్కడా రాయలేదు. కొలతలు బోర్డు తొలగింపు ఖర్చు అంచనా నిమిత్తం. ఈ నెలాఖరులోగా తొలగించని యెడల దుకాణం మూయించబడును. అయినను మానవతా దృక్పథంతో ఒక సడలింపు ఇస్తున్నాము: ఇంటి లోపల, లాభాపేక్ష లేకుండా, బంధువులు పిలుచుకొనుటకు సదరు నామాన్ని మీరు వాడుకోవచ్చును. వీధిలో ఎవరైనా పిలిచినచో పలకకుండుట శ్రేయస్కరం.

ఇట్లు,
విభాగాధిపతి

తా.క.: కాఫీని లంచంగా పరిగణించలేదు. పంచదార తక్కువైనదని నివేదికలో ఉన్నది.

———

బాబూ,

పక్క షెడ్డు మెకానిక్ నిన్న వీధిలోంచి నన్ను పేరు పెట్టి కేకేశాడు. మీ మాట మీద పలకలేదు. బాగుచేసిన మిషను బెల్టు ఇవ్వడానికట, విసుక్కుని పట్టుకెళ్లిపోయాడు. "చెవుడొచ్చిందా ఏమిటే?" అంది మా తోడికోడలు. "కంపెనీ అనుమతి లేదక్కా" అన్నాను. "అయితే నీ పేరు కూడా అద్దెదేనన్నమాట!" అని పొట్ట పట్టుకుని నవ్వింది. ఊరంతా చెప్పే దాకా ఆవిడకి అన్నం సయించదు.

ముందు నేను, తర్వాతే మీ కంపెనీ. మా వారికి నామీద ప్రేమ ఉండేదనడానికి ఆ పేరు తప్ప నా దగ్గర ఇంకో సాక్ష్యం లేదు. మూయించుకోండి, నేను మాత్రం బోర్డు తీయను.

ఇట్లు,
వీధిలో పలకని మనిషి

తా.క.: మీ హాళ్లలో మరుగుదొడ్డి తలుపుల మీద కూడా ఆ పేరు వేశారట. ముందు అక్కడ తీయండి.

———

శ్రీమతి గారికి,

ఎవరు ముందన్న ప్రశ్న మీరే లేవనెత్తినందున మా అధికారిక చరిత్ర, మొదటి అధ్యాయం నుంచి ఉదహరిస్తున్నాము: "హాలు తెరిచిన నాటికి వ్యవస్థాపకులు అవివాహితులు. మూతపడిన తలనూనె కంపెనీ వారి దీపాల బోర్డును తుక్కు ధరకు కొని, అక్షరమైనా మార్చకుండా హాలుకు తగిలించిరి. సంస్థలో పొదుపునకు ఇదే నాంది." వారి వివాహం ఆ తరువాత రెండేళ్లకు. కావున హాలే మీకంటె ముందు. మీకా పేరు ఎట్లు వచ్చినదో మా చరిత్రలో లేదు.

ఇట్లు,
విభాగాధిపతి

తా.క.: మరుగుదొడ్డి తలుపులపై మార్పు సాధ్యం కాదు. ప్రేక్షకులు అత్యంత శ్రద్ధగా వెతుక్కొని చదివే బోర్డు అదేనని సర్వేలో తేలినది.

———

బాబూ,

మీ చరిత్రలో లేనిది నేను చెబుతాను. పెళ్లినాడు మా అత్తగారు "నీ పేరు మాకు నోరు తిరగదమ్మాయ్" అని, కొడుకు చెప్పిన పేరు పెట్టి పిలిచింది. కాపురానికొస్తే ఎదురుగా హాలు మీద అదే పేరు! "నువ్వొస్తావని ముందే రాయించాను" అన్నారు మా వారు. నమ్మాను. హాలుకి నా పేరు పెట్టలేదు, నాకే నూనె సీసా పేరు పెట్టాడు మహానుభావుడు.

ఒక పూటంతా ఏడ్చాను. మర్నాడు స్టూలెక్కి నా బోర్డు నేనే దించేశాను. ఇప్పుడు మా అమ్మ పెట్టిన పేరు రాయించాను. అక్షరాలు దిద్దుతూ "ఎవరండీ ఈవిడ?" అన్నాడు పెయింటరు.

"నేనే" అన్నాను. అనడానికి కాస్త సిగ్గేసింది.

ఇట్లు,
నోరు తిరగని పేరు గల మనిషి

తా.క.: ఆ తలనూనె వారి మనవరాలు నా దగ్గరే కోటు కుట్టించుకుంటుంది, నల్లది, కోర్టుకి. మీ మొదటి అధ్యాయం చదివి వినిపించాను. వాళ్ల తాతగారు బోర్డు అమ్మాడు గానీ పేరు ఎవరికీ అమ్మలేదట. మీ నూట నలభై హాళ్లకీ నోటీసు రాసి నాకు చూపించింది. మీకంటే ఆవిడ భాష బాగుంది.