చింపని కవర్లు

కమిషనర్ గారికి,

చెత్త వేరుచేసే కేంద్రం ఇన్‌చార్జి నమస్కరించి రాసుకునేది.

మన కేంద్రం దివ్యంగా నడుస్తోందని మొన్న సభలో సెలవిచ్చారట. చాలా సంతోషమండి. కాగితాలు నొక్కే మిషన్ అయితే ఆపుదామన్నా ఆగడం లేదు. ఆపే బటన్ పాడైందని తమకు నాలుగు ఉత్తరాలు రాశాను. జవాబు రాకపోతే, తీరిగ్గా ఆలోచిస్తున్నారు కాబోలు అనుకున్నాను.

నిన్న మీ ఆఫీసు నుంచి చిత్తుకాగితాల బస్తా వచ్చింది. అందులో నా నాలుగు ఉత్తరాలూ ఉన్నాయి. ఒక్క కవరూ చింపలేదు. ప్లాస్టిక్ కలపకుండా కాగితాలు విడిగా పంపినందుకు మాత్రం మిమ్మల్ని మెచ్చుకోవాలి.

ఆ నాలుగింటినీ దీనికి పిన్ను కొట్టి, పాత కవర్లోనే పెట్టి పంపుతున్నాను. కొత్త కవరు వాడితే మా వృత్తికే అవమానం కదా.

ఒక్క మనవి. వీటిని మళ్లీ మా బస్తాలోకే పంపేటట్టయితే, దయచేసి పిన్ను తీసి పంపించండి. మా దగ్గర పిన్నులు తీసే పని మా వదినది. పోయిన సోమవారం ఆ మిషన్ ఆగలేదు. ఆవిడకి ఇప్పుడు ఒక చెయ్యే ఉంది.

ఇట్లు, ఐదోసారి,
తమ ఇన్‌చార్జి